ఆషాఢం దాకా ఆగమన్నాను

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు ఫోన్లో బండి నంబరు కొడితే చాలు, ధర తెర మీదికి వస్తుంది. మా కాలంలో ధర కోసం బండి కిందికి దూరాల్సి వచ్చేది. పాత బండ్లకు విలువ కట్టడం నా ఉద్యోగం. అప్పులిచ్చే కంపెనీలూ, ఇన్సూరెన్సు వాళ్లూ పంపితే వెళ్లి, బండి చూసి, ఇది ఇంత చేస్తుందని రాసి సంతకం పెట్టేవాణ్ణి. నల్లగొండలో ఉంటూ ముప్ఫై ఒక్క ఏళ్లు అదే చేశాను. ట్రాక్టర్లు, లారీలు, వరికోత మిషన్లు, బోర్లు వేసే బండ్లు, ఆటోలు. నా రిపోర్టు ఒక్కటి కూడా వాపసు రాలేదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. రిటైరయ్యాక గొప్పలు వినడానికి మనిషి దొరకడు. అందుకని మీకు ఒక తప్పు చెబుతాను. విచిత్రం ఏమిటంటే, ఆ తప్పులో నా అంచనా ఎక్కడా తప్పలేదు.

నా సంచిలో ఎప్పుడూ ఒక టార్చి, పెన్సిలు, కొన్ని పలుచటి కాగితాలు, చేతిరుమాల్లో చుట్టిన అయస్కాంతం ఉండేవి. చాసిస్ మీద గుద్దిన నంబరుపై కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే అక్షరాలు తేలతాయి. ఆ అచ్చు రిపోర్టుకు అంటించాలి. అయస్కాంతం లప్పాన్ని పట్టుకోవడానికి. యాక్సిడెంటైన బండికి సొట్టల్లో లప్పం నింపి పైన రంగు కొడతారు కదా, అక్కడ అయస్కాంతం అతుక్కోదు. దాన్ని నాకిచ్చింది నాకు పని నేర్పిన పెద్దాయన. ఆయన బీడీ కాలుస్తూ ఇంకో పాఠం కూడా చెప్పాడు. "కొత్త బండి నష్టం మొదటోడు భరించనియ్యి. తర్వాత కొత్త మోడలు రానియ్యి. తర్వాత ఆషాఢం రానియ్యి. అప్పుడు పోయి బేరం చెయ్యి." మన దిక్కు ఆషాఢంలో ఎవరూ బండి కొనరు. అమ్మేవాడు మెత్తబడతాడు. అప్పుడు బయానా ఇచ్చి, శ్రావణం వచ్చాక బండి ఇంటికి తెచ్చుకోవాలి. ఆ మాట విని ఎందరు రైతులకు ఎంత మిగిల్చానో నాకే తెలియదు.

తెలంగాణ వచ్చిన మూడో ఏడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, నకిరేకల్ నుంచి ఉస్తాద్ మా ఇంటికి వచ్చాడు. వెంట ఆయన భార్య. ఆయన హైవే పక్కన లారీలు బాగుచేసే మెకానిక్కు. నాకంటే రెండేళ్లు పెద్ద. రోడ్డు మీద పోతున్న లారీని చూడకుండా, చాయ్ తాగుతూనే, "దాని గేరుబాక్సు సూర్యాపేట దాకా కూడ రాదు" అనేవాడు. అదెప్పుడూ సూర్యాపేట దాకా వచ్చేది కాదు.

"సారూ, పాలమూరుల ఒక బండి ఉన్నది. మీరొచ్చి జర చూడాలె" అన్నాడు.

"లారీయా?"

"కాదు. ఇటలీ బండి. ఇద్దరే కూసుంటరు. ఇంజను ఎనకాల ఉంటది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆమె అసలే నవ్వలేదు.

షెడ్డు వెనకున్న భూమి ఆమెకు పుట్టింటివాళ్లు ఇచ్చింది. హైవే వెడల్పయ్యాక దానికి ఎవరూ కలలో కూడా అనుకోని ధర వచ్చింది, అమ్మేశారు. ఒక్కగానొక్క బిడ్డ కరీంనగర్‌లో నర్సు. ఆమె వాటా ఆమెకు ఇచ్చేశారు. మిగిలినదానితో ఇదీ. "భూమి నాది, మోజు ఆయనది. నాకు ఇష్టమే సారూ. ఇప్పుడు కొనాల్నా, ఆగాల్నా, అది మీరు చెప్పుర్రి" అంది ఆమె.

అప్పటికి నాకు తెలియని సంగతి మీకు ముందే చెబుతున్నాను. ఉస్తాద్ కళ్లు పోతున్నాయి. హైదరాబాద్ కంటి దవాఖానలో డాక్టరు చూసి, చూపు పక్కల నుంచి మూసుకొస్తోందనీ, దీనికి మందు లేదనీ, ఏడాదో రెండేళ్లో అనీ చెప్పాడు. పగలు ఇంకా బాగానే కనిపించేది. పొద్దు గూకాక మాత్రం ఆయన బండి ముట్టడం మానేశాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పనని భార్య చేత ఒట్టు వేయించుకున్నాడు. మెకానిక్కుకు కళ్లు పోతున్నాయని తెలిస్తే ఆ షెడ్డు ముందు ఏ లారీ ఆగుతుంది? నలభై ఏళ్లు ఊళ్లో వాళ్ల డొక్కు బండ్లు నడిపి చూసిన మనిషి, చూపు ఉండగా ఒక్కసారి, మనుషులు చేయగలిగిన బండ్లలో పైవరుస బండి నడపాలనుకున్నాడు. అదీ ఆయన మోజు. నాకు చెప్పిన కారణం మాత్రం, "ఊకెనే సారూ, మనసైంది" అని.

పాలమూరులో ఆ బండి ఒక జిన్నింగ్ మిల్లు గోదాములో ఉంది. మిల్లు యజమాని ప్లాట్ల వ్యాపారం బాగున్నప్పుడు కొత్తది కొన్నాడు, వ్యాపారం చల్లబడ్డాక అమ్మకానికి పెట్టాడు. చుట్టూ పత్తి బేళ్లు, మధ్యలో గుడ్డ కప్పిన ఆకారం. బండి కప్పు నా ఛాతీ దాకా కూడా లేదు. గుడ్డ లాగారు.

ముప్ఫై ఏళ్లుగా నేను బండ్లు చూస్తున్నాను కదా, ఆ రోజు దాకా ఏ బండినీ నిజంగా చూడలేదని అనిపించింది. మోదుగుపువ్వు రంగు. ఎక్కడా నిటారు గీత లేదు, ఎక్కడా అతుకు లేదు. నిలబడి ఉంది, కానీ కదలబోతున్నట్టే ఉంది. నాకు తెలియకుండానే చెప్పులు విడిచాను. తర్వాత తేరుకుని, ఎవరూ చూడకుండా మళ్లీ తొడుక్కున్నాను.

ఉద్యోగం ఉద్యోగమే. అయస్కాంతం తీశాను. తలుపు మీద పెడితే జారి కింద పడింది. ముందు భాగం మీద పెట్టాను, పడింది. వెనక, పక్కన, ఎక్కడ పెట్టినా టంగుమని సిమెంటు మీద పడుతోంది. యజమానిని పక్కకు పిలిచి గంభీరంగా అన్నాను: "ఈ బండి మొత్తం లప్పమే."

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, మర్యాదగా నేలచూపులు చూశాడు. ఉస్తాద్ మాత్రం పగలబడి నవ్వాడు. "సారూ, దీంట్ల ఇనుమే లేదు. అల్యూమినియం, ఇంక నల్లటి నారతోని నేసిన గట్టి రేకు. అయస్కాంతం సంచిల పెట్టుకోరి" అన్నాడు. పెద్దాయన పాఠాల్లో ఒకటి ఆ గోదాము నేల మీద పడి ఉంది. వంగి ఏరుకున్నాను. రెండో పాఠం మీద అప్పుడైనా అనుమానం రావలసింది, రాలేదు.

బండి చాలా తక్కువ తిరిగింది. మీటరు చూసి సంబరపడ్డాను. ఉస్తాద్ మీటరు చూడలేదు. బండి చుట్టూ ఒకసారి నడిచి, వెనక చతికిలబడి, "స్టార్టు చెయ్యమనుర్రి" అన్నాడు.

ఆ చప్పుడు ఎట్లా చెప్పాలి? మొదట గొంతు సవరించుకున్నట్టు ఒక్క అరుపు. తర్వాత గోదాము రేకులన్నీ వణికాయి. పత్తి బేళ్ల మీది దూది పింజలు గాలిలోకి లేచాయి. ఆ చప్పుడు నా పక్కటెముకల్లోంచి వెళ్లింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఉస్తాద్ కళ్లు మూసుకుని ఉన్నాడు. చాలాసేపటికి లేచి అన్నాడు: "నిలవడ్డ బండి సారూ. తిరగక కరాబైతాంది. రబ్బర్లు ఎండినయి, ఒక దిక్కు ఆయిలు అందుతలేదు. పెద్ద పని ఉంది దీనికి. కానీ ఇంజను..." ఆగిపోయాడు. "ఇంజను మనుషులు చేసింది కాదనిపిస్తాంది."

వచ్చేటప్పుడు జడ్చర్ల దగ్గర చాయ్‌కి ఆగాం. నా తీర్పు సిద్ధంగా ఉంది, చెప్పాలని నాలుక దురద పెడుతోంది. ఇట్లాంటి బండ్లు మొదట్లో రాయిలా పడతాయి, తర్వాత మెల్లగా దిగుతాయి, ఎక్కడో ఒకచోట నిలబడతాయి. ఈ బండి ఇంకా ఆ నిలబడే చోటికి రాలేదు. కంపెనీ పూచీ ఇంకో ఏడాదిలో అయిపోతుంది. వచ్చే ఏడు కొత్త మోడలు వస్తుందంటున్నారు. పెద్ద సర్వీసు నెత్తి మీద ఉంది. ఇవన్నీ కలిసి, పైన ఆషాఢం పడితే యజమాని తనే ఫోన్ చేస్తాడు.

"ఇప్పుడు కొనకు ఉస్తాద్. వచ్చే ఏడు ఆషాఢం దాకా ఆగు. పదహారు నెలలు. ఒక కొత్త వరికోత మిషను అంత తగ్గుతది" అన్నాను.

ఆయన గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. ఆమె నా వైపు ఏదో చెప్పబోయినట్టు చూసింది. భర్త ఆమె వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. బేరంలో ఆడవాళ్ల తొందర అనుకున్నాను నేను.

"గంత తొందర అవసరం లేదంటరా?" అని అడిగాడు.

"నీకేం తొందర? బండి ఎటు పోతది?"

"సరే. సారు చెప్పినంక ఆగుడే" అన్నాడు ఉస్తాద్. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు ఎట్లా ఉందో నాకిప్పటికీ గుర్తుంది. ఆ రోజు మాత్రం చాయ్ బాగుందని ఇంకొకటి చెప్పాను.

ఇక నా అంచనా నిజమైన వైనం చూడండి. కొత్త మోడలు వచ్చింది. పూచీ అయిపోయింది. చూడటానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు సర్వీసు ఖర్చు విని వెనక్కి పోయారు. మరుసటి ఏడు ఆషాఢం మొదటి వారంలో మిల్లు యజమాని నిజంగానే ఫోన్ చేశాడు. ఆయన చెప్పిన ధర నేను అనుకున్నదానికంటే తక్కువ. నాకు గాల్లో తేలినట్టుంది. వెంటనే ఉస్తాద్‌కు ఫోన్ చేస్తే ఆమె ఎత్తింది.

"వదినే, నేను చెప్పలే? పడ్డది! ఉస్తాద్‌కు ఇయ్యి ఫోను."

"మీరే ఒక్కపారి వచ్చిపోరి సారూ" అంది.

నకిరేకల్ షెడ్డులో ఉస్తాద్ ఒక లారీ కింద పడుకుని ఉన్నాడు. చేయి బయటికి చాచి, నేల మీద పరిచిన పానాల్లో ఒకదాన్ని తడిమి, వద్దని పక్కన పెట్టి, ఇంకోదాన్ని తీసుకున్నాడు. అప్పటికీ నాకు తట్టలేదు. బయటికి వచ్చి, నేను ఎదురుగా నిలబడి ఉండగా, నా భుజం పక్కనున్న గాలితో, "ఎవలు?" అన్నాడు. "నేనే ఉస్తాద్" అంటే గొంతు వైపు తిరిగి నవ్వాడు. చూపుకు రూపాయి బిళ్లంత కిటికీ మిగిలిందట. అది కూడా పగటిపూటే.

ఆమె నన్ను బయట గడంచె మీద కూర్చోబెట్టి అంతా చెప్పింది. డాక్టరు మాట, ఒట్టు, చాయ్ దుకాణంలో ఆమె మింగిన మాట. కోప్పడలేదు. నీళ్లిచ్చి, ఖాళీ గ్లాసు తీసుకుంటూ ఒక్కటే అడిగింది.

"బండికి ఏడాదికి ఇంత తగ్గుతదని రాస్తరు గదా సారూ. మనిషికి తగ్గేది ఏ గడిల రాస్తరు?"

నా రిపోర్టులో ఇరవై రెండు గడులు ఉండేవి. ఇంజను, గేర్లు, టైర్లు, రంగు, ఎన్నో చేతి బండి, అన్నీ. కొనేవాడి గురించి ఒక్కటీ లేదు. సిగ్గుతో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "వద్దులే వదినే, ఇంక ఆ బండి ఎందుకు?" అని గొణిగాను.

"ఎందుకంటరేంది? నేను పదహారు నెలల సంది ఊకెనే కూసున్ననా?" అని లోపలికి వెళ్లి చిన్న పర్సు తెచ్చి, అందులోంచి ఒక కార్డు తీసి నా చేతిలో పెట్టింది. డ్రైవింగు లైసెన్సు. ఫొటోలో ఆమె, కళ్లు పెద్దవి చేసి. బ్రేకులు బాగుచేశాక లారీని షెడ్డు చుట్టూ తిప్పి చూడటం ముప్ఫై ఏళ్లుగా ఆమె పనే, అది నాకు తెలుసు. రోడ్డెక్కడానికి కావలసిన కాగితం మాత్రం లేదు. జడ్చర్లలో చాయ్ తాగి ఇంటికి వెళ్లిన మర్నాడే ఆమె నల్లగొండ ఆఫీసులో దరఖాస్తు పెట్టింది. నేను ధర తగ్గే దారి చూస్తుంటే, ఆమె చూపు తగ్గే దారి చూసింది.

మర్నాడు ముగ్గురం పాలమూరు వెళ్లాం. అదే గోదాము, అవే బేళ్లు. గుడ్డ లాగారు. ఉస్తాద్‌కు ఎంత కనిపించిందో తెలియదు. చేత్తో మొదలుపెట్టాడు. ముందు కొస నుంచి వెనక దాకా అరచేయి ఎత్తకుండా నడిచాడు. ఆ ఒంపుల వెంట చేయి పోతుంటే, ఆ బండిని అప్పుడే ఎవరో తయారు చేస్తున్నట్టుంది.

నేను పెన్సిలు, కాగితం తీసి సీటు పక్కన తివాచీ ఎత్తాను. నంబరు ఇరుకులో ఉంది, నా కాగితం పట్టడం లేదు. "జరగుర్రి సారూ" అని ఆయన చేయి లోపలికి పెట్టాడు. వేలికొసతో తడుముతూ ఒక్కో అక్షరం, ఒక్కో అంకె చెప్పాడు. నేను రాసుకున్నాను. పదిహేడు. ఆర్సీ పుస్తకంతో సరిచూశాను. ఒక్కటి కూడా తప్పలేదు. ఉద్యోగంలో నేను తీసిన అచ్చులన్నీ పోయాయి, ఆ కాగితం మాత్రం నా దగ్గరే ఉంది.

తర్వాత ఇంజను విన్నాడు. ఏ రబ్బరు పోయింది, ఏ గొట్టం పోయింది, ఏది ఇంకో ఆర్నెల్లు ఆగుతుంది, వరసగా చెబుతుంటే యజమాని నోరు తెరిచి విన్నాడు. బేరం నేను చేయలేదు, ఆ అవసరం రాలేదు. నిదానంగా నడిపితే నకిరేకల్ దాకా రావడానికి ఢోకా లేదని ఉస్తాదే తేల్చాడు.

అలవాటు ప్రాణం తీస్తుంది కదా, నేను అన్నాను: "బయానా ఇచ్చి పోదాం. శ్రావణం రాంగనే మంచిరోజు చూసి తీస్కపోదాం."

ఆమె నా వైపు తిరిగింది. "మల్ల ఆగుడేనా సారూ? ఇంక ఒక్క రోజు ఆగ. ఇయ్యాల్నే తీస్కపోతం."

యజమాని కంగారుపడ్డాడు. "అమ్మా, ఆషాఢంల బండి ఇంటికి తోల్కపోతరా? నా మీద మాట రావద్దు."

"నీ మీద రాదు బిడ్డా. వస్తే నా మీద రానియ్యి. తాళం ఇటియ్యి."

డబ్బు, సంతకాలు అయ్యేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆమె కొంగు నడుముకు దోపి, వంగి, దాదాపు నేల మీద కూర్చున్నట్టు డ్రైవరు సీట్లో కూర్చుంది. ఉస్తాద్ పక్క సీట్లో. వెనక మిల్లు వాళ్ల జీపులో నేనూ, నాలుగు చెక్క పలకలూ. పలకలు ఉస్తాద్ ఆలోచన. పాలమూరు నుంచి కల్వకుర్తి, దేవరకొండ మీదుగా ఇంటికి పోయే దారిలో ప్రతి ఊరికీ స్పీడు బ్రేకర్లు ఉంటాయి. ఆ బండి పొట్టకూ నేలకూ మధ్య ఒక జానెడు కూడా లేదు.

మొదటి బ్రేకరు దగ్గర నేను పలకలు పరిచాను. ఉస్తాద్ దిగి, తడుముకుంటూ వచ్చి, రోడ్డు మీద బోర్లా పడుకున్నాడు. చేయి బండి కిందికి పెట్టి, "రా... రా... జర ఎడమకు... ఆగు. మల్ల రా" అంటూ, వేళ్ల మందం సందు కొలుస్తూ దాటించాడు. ఆమె అద్దంలోకి చూడలేదు, ఆయన గొంతునే విన్నది. ఊరి జనం గుమిగూడారు. పొలం నుంచి వస్తున్న ఆడవాళ్లు తట్టలు దించి చూశారు. ఆ బండిని చూడాలో, రోడ్డు మీద పడుకుని దాన్ని నడిపిస్తున్న గుడ్డి మనిషిని చూడాలో వాళ్లకు తేలలేదు. నాకు కూడా. దేవరకొండ చేరేసరికి అట్లా ఎన్ని దాటించాడో లెక్క తప్పింది. ఆయన చొక్కా ముందు భాగమంతా ఎర్రమట్టి. ఒక్కచోట కూడా గీత పడలేదు.

దేవరకొండ దాటాక రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉంది. కాసేపటి కిందే వాన పడి వెలిసింది. రెండు పక్కలా తడిసిన చెలకలు, అప్పుడే మొలకెత్తిన పత్తి. వాళ్ల బండి ఒక్క క్షణం నెమ్మదించింది. లోపల ఏమనుకున్నారో తర్వాత చెప్పారు. ఆయన, "ఏమే, ముందట ఎవలన్న ఉన్నరా?" అన్నాడట. ఆమె, "ఎవలు లేరు" అంది. "గొర్లు? బర్లు?" "ఏం లేవు." "అయితే తొక్కు."

నేను చూసింది ఇదీ. బండి వెనక భాగం కొంచెం కిందికి దిగింది. చప్పుడు మాకు అందేలోపే బండి లేదు. జీపు డ్రైవరు "అరె!" అని బ్రేకు మీద కాలు పెట్టాడు, ఎందుకో వాడికే తెలియదు. రోడ్డు మీది తడి రెండుగా చీలి, పొగలా లేచి, మెల్లగా దిగింది. దూరంగా మోదుగు రంగు చుక్క ఒకటి మిగిలి, అది కూడా కలిసిపోయింది. అంతసేపూ నేను నోరు తెరుచుకుని ఉన్నానని నోట్లో తుంపర పడ్డాకే తెలిసింది.

కొన్ని మైళ్ల తర్వాత రోడ్డు పక్కన ఆగి ఉన్నారు. ఆమె స్టీరింగు మీద తల ఆనించి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు, రెండూ అనుకుంటాను. ఆయన దిగి, వెనక ఇంజను మూత మీద చేయి వేసి నిలబడ్డాడు. నేను జీపు దిగిన చప్పుడు విని ఇటు తిరిగాడు.

ధర అడుగుతాడనుకున్నాను. ముప్ఫై ఏళ్లుగా అందరూ నన్ను అదే అడిగారు.

"ఎనక నుంచి ఎట్ల కనవడ్డది సారూ?" అన్నాడు.

రిపోర్టులో బండి రూపం అనే గడికి 'బాగుంది', 'పరవాలేదు', 'బాగోలేదు' అని మూడే మాటలు వాడి బతికినవాణ్ణి. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. వెనక భాగం కిందికి దిగడం, తడి చీలడం, పొగలా లేవడం, రంగు, చుక్క. పత్తి మొలకలు గాలికి రోడ్డు వైపు వంగడం కూడా చెప్పాను. ఆయన తల వంచి, ఒక్కో మాటకు చిన్నగా ఊపుతూ, అప్పుడు గోదాములో ఇంజను విన్నట్టే విన్నాడు. చెప్పడం అయిపోయింది. ఆయన కదలలేదు.

"మల్ల చెప్పుర్రి సారూ" అన్నాడు. "మొదటి సంది."